తెలుగునాట ఓటీటీ చందాల పోటీ

ఇంటర్నెట్ మీద సినిమాలు, సిరీస్‌లు, క్రికెట్ మ్యాచ్‌లు చూపించి నెలకో ఏడాదికో చందా వసూలు చేసే సేవలను తెలుగువాళ్ళు ఓటీటీలంటారు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో, జియోహాట్‌స్టార్, జీ5, సోనీలివ్, సన్ నెక్స్ట్ చాలా భాషల్లో నడిచేవి. ఆహా, ఈటీవీ విన్ తెలుగు పెట్టుబడితో తెలుగు ప్రేక్షకుల కోసం పుట్టినవి. ఇన్ని సేవలున్నాయి కాబట్టి పోటీ గట్టిగా ఉందనీ, దాని వల్ల చూసేవాడికి లాభమేననీ చాలామంది అనుకుంటారు. పోటీ ఉన్న మాట నిజమే. లాభం సంగతి మాత్రం కొంచెం తరిచి చూడాలి. ఈ పోటీ ప్రధానంగా రెండు చోట్ల నడుస్తుంది. ఒకటి నిర్మాత ఆఫీసులో సినిమా హక్కుల బేరం, రెండోది టెలికాం కంపెనీల రీఛార్జి ప్యాకుల బేరం. ఈ రెండూ తెగాక మిగిలిన ధరకు తల ఊపడమే చందాదారు పని. యురేనియం గనితో దేశానికి పేరు తెలిసిన తుమ్మలపల్లె లాంటి ఊళ్ళ నుంచి, అంటే కడప జిల్లా మెట్ట పల్లెల నుంచి చూస్తే ఈ సంగతి హైదరాబాద్‌లో కంటే తేటగా తెలుస్తుంది. నాలుగైదు చందాలు ఒకేసారి కట్టే స్తోమత ఉన్న ఇంటికి ఏ సినిమా ఎక్కడ వస్తుందన్నది పెద్ద లెక్క కాదు. ఒకదానికే డబ్బున్న ఇంటికి అదే అసలు లెక్క.

ఓటీటీల కంటే ముందు సినిమా ఇంటికొచ్చిన దారిని గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక థియేటర్ తర్వాత నిర్మాతకు వచ్చే పెద్ద రాబడి శాటిలైట్ హక్కులదే అయింది. అక్కడా పోటీ ఉండేది. ఒక పెద్ద హీరో సినిమా కోసం జెమిని, మా, ఈటీవీ, తర్వాత జీ తెలుగు ఎగబడేవి. అయితే ఆ పోటీ ఖర్చు ప్రేక్షకుడి మీద విడివిడిగా పడలేదు. సినిమా ఏ ఛానెల్ కొన్నా కేబుల్ తీగలో ఆ ఛానెల్ ఉండేది. దీని వెనక ఒక నిబంధన ఉంది. ఒక ఛానెల్ తన సిగ్నల్‌ను అడిగిన ప్రతి పంపిణీదారుకూ వివక్ష లేకుండా ఇవ్వాలని, ఒకరికే గుత్తకు ఇవ్వకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2004లోనే నియమం పెట్టింది. పులివెందుల కేబుల్ ఆపరేటర్‌కు జెమిని ఇచ్చి వేంపల్లె ఆపరేటర్‌కు ఇవ్వనంటే చెల్లదు. 2019లో కొత్త టారిఫ్ పద్ధతి అమల్లోకి వచ్చినప్పుడు కూడా మొదటి 100 ఛానెళ్ళకు పన్నులు కాక 130 రూపాయలని గరిష్ఠ రుసుము కట్టారు. ఆ పద్ధతి మీద ఫిర్యాదులు బోలెడు, బిల్లు పెరిగిందని జనం తిట్టుకున్నారు కూడా. కానీ ఛానెల్ కంపెనీల కొట్లాట వల్ల ఒక ఇంట్లో రెండు బాక్సులు పెట్టుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఇంటర్నెట్ మీద తెలుగు చూపించే ప్రయత్నం మొదట సాగింది ఊళ్ళ కోసం కాదు, విదేశాల్లోని తెలుగువాళ్ళ కోసం. ఉదయ్ రెడ్డి 2006లో మొదలుపెట్టిన యప్‌టీవీ అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు తెలుగు ఛానెళ్ళు అందించింది. ఇక్కడ అప్పటికి డేటా ఖరీదు, నెట్ నిదానం. 2015లో హాట్‌స్టార్, 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, అదే ఏడాది డిసెంబరులో ప్రైమ్ వీడియో దేశంలోకి వచ్చాయి. వీటన్నిటికంటే తెలుగు పల్లె చూపును మార్చింది 2016 సెప్టెంబరు 5న మొదలైన జియో. ఒక జీబీకి వందల రూపాయలు పోసిన చోట రోజుకో జీబీ, ఒకటిన్నర జీబీ అన్న ప్యాకులు అలవాటయ్యాయి. నెట్‌ఫ్లిక్స్‌ను పల్లెకు చేర్చింది నెట్‌ఫ్లిక్స్ కాదు, టెలికాం కంపెనీల పోటీ. పల్లెకు దారి వేసినవాడికే ఆ దారి మీద సుంకం వసూలు చేసే వీలూ వస్తుందన్నది తర్వాతి సంవత్సరాల్లో తేలింది.

2020 మార్చిలో థియేటర్లు మూతపడటంతో మెల్లగా సాగుతున్న పని ఒక్కసారిగా ముందుకు దూకింది. ఏప్రిల్ చివర్లో ‘అమృతరామం’ థియేటర్ ముఖం చూడకుండా జీ5లో వచ్చింది. సెప్టెంబరు 5న నాని ‘వి’ ప్రైమ్‌లో విడుదలైంది. పేరున్న హీరో సినిమా నేరుగా ఇంటికి రావడం తెలుగులో అదే మొదలు. థియేటర్లు డిసెంబరు కల్లా తెరుచుకున్నా తెగిన గట్టు మళ్ళీ పడలేదు. 2021లో వెంకటేశ్ ‘నారప్ప’, ‘దృశ్యం 2’, నాని ‘టక్ జగదీష్’ ప్రైమ్‌కే పోయాయి. ‘టక్ జగదీష్’ విషయంలో తెలంగాణ ఎగ్జిబిటర్లు బహిరంగంగానే మండిపడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో కారణం కలిసింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 పల్లెటూరి హాళ్ళలో అడుగు తరగతి టికెట్‌ను 5 రూపాయలకు తెచ్చింది. 2022 మార్చిలో దాన్ని సవరించి కనీస ధర 20 చేసేదాకా దాదాపు ఏడాది పాటు థియేటర్ రాబడి మీద నిర్మాతకు నమ్మకం లేదు. అలాంటి వేళ ఓటీటీ వాడు ముందే కళ్ళముందు పెట్టే మొత్తానికి విలువ పెరగడంలో వింత లేదు.

ఆహా కథ ఈ కాలానిదే. గీతా ఆర్ట్స్, మై హోమ్ సంస్థలు కలిసి పెట్టిన ఈ సేవను 2020 ఉగాదికి లాంఛనంగా ప్రారంభించారు. ఏడాదికి 365 రూపాయలు, రోజుకో రూపాయి అన్నారు. అల్లు అరవింద్ లాంటి నిర్మాత వెనకుంటే హక్కులకు కొదవ ఉండదని, తెలుగు ఒక్కటే కావాలనుకునే ఇంటికి ఇంతకంటే మంచి బేరం లేదని అప్పట్లో అందరూ అనుకున్నారు. మొదట్లో అలాగే నడిచింది. ‘భానుమతి అండ్ రామకృష్ణ’, ‘కలర్ ఫొటో’ నేరుగా వచ్చాయి. ‘కలర్ ఫొటో’ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది. 2021 ఫిబ్రవరిలో రవితేజ ‘క్రాక్’ వచ్చింది. మలయాళ సినిమాలను తెలుగులోకి డబ్బింగ్ చేసి వరుసగా వదిలింది. ఆ తర్వాత అసలు పరీక్ష ఎదురైంది. అల్లు అర్జున్ సొంత కుటుంబ సంస్థ ఓటీటీ నడుపుతోంది, ఆయన సినిమా ‘పుష్ప’ మొదటి భాగం 2022 జనవరి 7న ప్రైమ్‌లో వచ్చింది. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. అయిదారు భాషల్లో, అనేక దేశాల్లో చందాదారులున్న సంస్థ పెట్టగల ధర ఒక్క తెలుగు చందాల మీద బతికే సంస్థ పెట్టలేదు. బంధుత్వం కంటే లెక్క గట్టిది.

అందుకే ఆహాకు నిలబడటానికి ఆసరా అయింది సినిమా కాదు. 2021 నవంబరులో మొదలైన బాలకృష్ణ టాక్ షో ‘అన్‌స్టాపబుల్’, మరుసటి ఏడాది ‘తెలుగు ఇండియన్ ఐడల్’ అందుకున్నాయి. ‘అన్‌స్టాపబుల్’లో ప్రభాస్ వచ్చిన ఎపిసోడ్ 2022 డిసెంబరు చివర వదిలిన రాత్రి తాకిడికి యాప్ కుప్పకూలింది. ఈటీవీ విన్‌కు కూడా ఇలాంటిదే జరిగింది. 2024 జనవరిలో శివాజీ ప్రధాన పాత్రలో వచ్చిన ‘#90స్ ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ అన్న చిన్న కుటుంబ సిరీస్ ఆ యాప్‌ను నలుగురి నోళ్ళలో పడేసింది. ఈ రెండు సంస్థల అనుభవం ఒకటే చెబుతోంది. డబ్బుతో కొనగలిగిన దాని దగ్గర పెద్దవాడే గెలుస్తాడు. మనవాళ్ళకే తప్ప బయటివాడికి అర్థం కాని నవ్వు, పలకరింపు, ఇంటి పోరు దగ్గర మాత్రం చిన్నవాడికి చోటుంది.

ఇక హక్కుల సంగతి. థియేటర్లో సెన్సార్ సర్టిఫికెట్ పడి, పొగాకు హెచ్చరిక అయిపోయి, కృతజ్ఞతల కార్డులు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే వాటి మధ్య ‘డిజిటల్ స్ట్రీమింగ్ పార్ట్‌నర్’ అని ఒక ముద్ర కనిపిస్తుంది. హీరో తెర మీదికి రాకముందే ఈ సినిమా ఏ యాప్‌లో వస్తుందో హాలుకు తెలిసిపోతుంది. వెనక వరసలో ఎవరో ఒకరు ‘నెట్‌ఫ్లిక్స్‌లో వస్తాదిలే’ అననే అంటారు. ఆ ముద్ర పడిందంటే సినిమా పూర్తికాక ముందే, చాలాసార్లు సగం షూటింగ్ దగ్గరే బేరం కుదిరిందన్నమాట. సినిమా బాగుందా లేదా అన్నది ఆ బేరంలో లేదు. హీరో ఎవరు, దర్శకుడెవరు, గత సినిమా ఎంత ఆడింది అన్నవే ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్ సంక్రాంతికి ఆ ఏడాది కొన్న తెలుగు సినిమాల జాబితాను ‘నెట్‌ఫ్లిక్స్ పండగ’ పేరుతో ప్రకటిస్తుంది. వాటిలో చాలావాటికి అప్పటికి విడుదల తేదీ కూడా తేలి ఉండదు.

మామూలు సరుకుల పోటీకి, దీనికి తేడా ఇక్కడే. సంతలో వేరుశెనక్కాయలు ఏ కొట్లో కొన్నా వేరుశెనక్కాయలే, ఒకడు ధర పెంచితే పక్క కొట్టుకు పోవచ్చు. ‘పుష్ప 2’ బదులు ఇంకో సినిమా చూస్తే సరిపోదు. శేషాచలం ఎర్రచందనం చుట్టూ అల్లిన ఆ కథ మొదటి భాగం ప్రైమ్‌లో ఉంది, 2025 జనవరి 30న రెండో భాగం నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. చిత్తూరు యాసలో మాట్లాడే మనిషి కథ చిత్తూరు పక్క జిల్లా వాడు మొదలు నుంచి చివరిదాకా చూడాలంటే రెండు విదేశీ కంపెనీలకు చందా కట్టాలి. ‘కల్కి 2898 ఏడీ’ తెలుగు ప్రైమ్‌కు, హిందీ నెట్‌ఫ్లిక్స్‌కు పోయాయి. ‘ఆర్ఆర్ఆర్’ తెలుగు జీ5కి, హిందీ నెట్‌ఫ్లిక్స్‌కు. ఆ హిందీ రూపాన్నే అమెరికాలో లక్షలమంది చూసి ‘నాటు నాటు’ను ఆస్కార్ దాకా మోసుకుపోయారు. ‘హనుమాన్’ తెలుగు జీ5లో, హిందీ జియోసినిమాలో. ప్రతి సినిమా ఒక గుత్త. సేవలు ఎన్ని పెరిగితే గుత్తలు అన్ని చోట్ల చెదిరిపోతాయి. పోటీదారులు పెరగడం వల్ల చూసేవాడి ఖర్చు పెరిగే విచిత్రం అందుకే.

లెక్క వేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. 2025 ధరల్లో టీవీలో చూడాలంటే నెట్‌ఫ్లిక్స్ కింది ప్లాన్ నెలకు 199, ఏడాదికి 2,388 రూపాయలు. ప్రైమ్ ఏడాదికి 1,499. జియోహాట్‌స్టార్ సూపర్ 899. మూడూ కలిపి 4,786. ఆహా, ఈటీవీ విన్, జీ5, సన్ నెక్స్ట్, సోనీలివ్ ఇందులో లేవు. ఫోన్‌లో మాత్రమే చాలనుకుంటే నెట్‌ఫ్లిక్స్ 1,788, జియోహాట్‌స్టార్ 499, ప్రైమ్ పూర్తి చందా 1,499 కలిపి 3,786. 2025–26కి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. తుమ్మలపల్లె వైపు ఎండలో గుంత తవ్వే మనిషి ఈ మూడింటిని ఫోన్‌లో చూడాలంటే 12 రోజుల కూలి పైన, టీవీలో చూడాలంటే 15 రోజుల కూలి పైన పోయాలి. దీనికి ముందు నెట్ ఉండాలి కదా. 2024 జులై పెంపు తర్వాత రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్యాకు 299, ఏడాదికి 13 సార్లు వేయిస్తే 3,887. అంటే మూడు చందాలు ఇంకో ఫోన్ రీఛార్జి అంత. సేద్యం వానమీద, బోరుమీద ఆధారపడ్డ చోట ఇది చిన్న ఖర్చు కాదు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. పోటీ వల్లే కదా నెట్‌ఫ్లిక్స్ దిగివచ్చిందని అంటారు. 2019లో ఫోన్‌కు మాత్రమే 199 రూపాయల ప్లాన్ తెచ్చింది. 2021 డిసెంబరు 14న దాన్ని 149కి, 499గా ఉన్న కింది ప్లాన్‌ను 199కి తగ్గించింది. ఒక్కసారే 60 శాతం తగ్గింపు. ఇది నిజమైన లాభం, కాదనలేం. అయితే అదే రోజు, అదే డిసెంబరు 14న, ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1,499కి ఎక్కింది. ఒకడు దిగుతుంటే ఇంకొకడు ఎక్కగలిగాడంటే వాళ్ళు ఒకే సరుకు అమ్ముతున్న పోటీదారులు కారన్నమాట. ప్రైమ్ 2016లో 499తో మొదలై అయిదేళ్ళలో మూడింతలైంది. 2025 జూన్ 17 నుంచి ఆ 1,499 కట్టినవాళ్ళకు కూడా మధ్యలో ప్రకటనలు వేయడం మొదలుపెట్టింది. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699. ధర తగ్గినట్టు కనిపించిన చోట ఇచ్చేది తగ్గింది, లేదా ఒక ఫోన్‌కు కుదించుకుపోయింది.

చందాదారులు నిజంగా దేనికి డబ్బు కడుతున్నారో తేల్చిన సంఘటన సినిమాలది కాదు, క్రికెట్‌ది. 2022 జూన్‌లో ఐపీఎల్ అయిదేళ్ళ హక్కుల వేలంలో టీవీ భాగం డిస్నీ స్టార్‌కు 23,575 కోట్లకు, దేశంలో డిజిటల్ ప్రసారం ప్రధానంగా రిలయన్స్ చేతిలోని వయాకామ్18కు 20,500 కోట్లకు పోయాయి. 2023లో జియోసినిమా ఐపీఎల్‌ను ఏ సిమ్ వాడికైనా ఉచితంగా చూపించింది. అంతకు కొద్ది నెలల ముందు, 2022 సెప్టెంబరు చివరకు, డిస్నీ+ హాట్‌స్టార్‌కు 6.13 కోట్ల చందాదారులు. ఏడాది తిరిగేసరికి 3.76 కోట్లు. హాట్‌స్టార్‌లో సినిమాలు, సిరీస్‌లు, ‘సేవ్ ద టైగర్స్’ లాంటి తెలుగు హాస్యం ఉన్నాయి. ప్రధానంగా పోయింది ఆటే. జనం సేవకు కట్టలేదు, ఆటకు కట్టారు. ఆ పోటీ ఎలా ముగిసిందో అందరికీ తెలుసు. ఇద్దరూ కలిసిపోయారు. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ విలీనం పూర్తయింది, 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ పుట్టింది. రెండేళ్ళ ఉచిత క్రికెట్ అక్కడితో ఆగింది. ఆ ఏడాది ఐపీఎల్‌కు ముందు జియో 299, ఆపై రీఛార్జిలకు 90 రోజుల జియోహాట్‌స్టార్ కలిపి ఇచ్చింది. ఆట హక్కులు, చూపించే యాప్, డేటా అమ్మే సిమ్ ఒకే ఇంటివి అయ్యాయి.

పల్లెలో ఓటీటీ అంటే చాలామందికి ఇలా కలిపి ఇచ్చే ప్యాకే. రీఛార్జి అంగడి గోడ మీది కాగితంలో డేటా, కాల్స్, రోజుల లెక్క తర్వాత చిన్న అక్షరాల్లో యాప్‌ల పేర్లుంటాయి. ఎంచుకునేది రోజులను, జీబీలను. యాప్ దాని వెంట వస్తుంది. అటువంటప్పుడు ఏ ఓటీటీకి ఎంతమంది చందాదారులున్నారన్న లెక్క ఎంతమంది ఆ సేవను కోరుకున్నారో చెప్పదు, ఎవరు ఏ సిమ్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారో చెబుతుంది. సొంత సిమ్ లేని ఆహా, ఈటీవీ విన్ లాంటివి ఈ ప్యాకుల్లో చోటు కోసం టెలికాం వాళ్ళ తలుపు తట్టాల్సిందే.

పోటీ కొత్త కథలకు తలుపు తెరిచిందన్న వాదన ఇంకా గట్టిది. నేనూ దీన్ని సగానికి పైగా ఒప్పుకుంటాను. ‘సినిమా బండి’ 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపేవాడికి ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది, ఊరి జనమంతా కలిసి సినిమా తీయాలని పడే పాట్లే కథ. పెద్ద ముఖాలు లేవు, మాట ఆ సరిహద్దుదే. 2019 నాటి థియేటర్ లెక్కల్లో ఇలాంటిది రాయలసీమ హాళ్ళకు చేరేది అనుమానమే. రాయలసీమను కత్తి, సుమో, బాంబులతోనే చూపించిన రెండు దశాబ్దాల తర్వాత ఇక్కడి మనిషిని నవ్వుతూ, తడబడుతూ, కలగంటూ చూపించిన ఆ ఒక్క సినిమాకైనా ఓటీటీకి రుణపడాలి. కానీ ఓటీటీలు సీమకు పదే పదే తెచ్చింది మళ్ళీ పాత సరుకే. ‘రెక్కీ’ తాడిపత్రి హత్యా రాజకీయం. 2025 ఆగస్టులో సోనీలివ్‌లో వచ్చిన దేవ కట్టా ‘మయసభ’ పేర్లు మార్చినా సీమ నుంచి ఎదిగిన ఇద్దరు ముఖ్యమంత్రుల స్నేహాన్ని, వైరాన్ని తలపించేదే. వాటి తయారీలో నేర్పు ఉండవచ్చు. కరువు, వలస, బోర్ల అప్పు, గని పక్క ఊళ్ళ నీళ్ళ గోడు మీద పోటీపడి సిరీస్ తీసిన సేవ ఏదీ లేదు. హక్కుల వేలంలో వందల కోట్లు పోసినవాడు మిగిలిన చిల్లరతో కూడా తెలిసిన మసాలానే నమ్ముకుంటాడు. 2020, 2021లో కొత్తవాళ్ళ సినిమాలను నేరుగా కొన్న సేవలు థియేటర్లు కుదురుకున్నాక ఆ కొనుగోళ్ళు బాగా తగ్గించుకున్నాయి. ఇప్పుడు చిన్న సినిమా ముందు హాల్లో ఆడి చూపించాలి, తర్వాతే బేరం.

థియేటర్ యజమానుల ఆక్షేపణ వేరు. చందా ఎంతన్నది వాళ్ళకు పట్టదు, సినిమా ఎన్నాళ్ళకు ఇంటికొస్తుందన్నదే పట్టేది. ‘పుష్ప’ మొదటి భాగం హాళ్ళలో ఆడుతుండగానే మూడు వారాలకు ప్రైమ్‌లో ప్రత్యక్షమైంది. 2022 ఆగస్టు 1న నిర్మాతలు షూటింగ్‌లు ఆపిన కారణాల్లో ఈ గడువూ ఒకటి. పెద్ద సినిమాలకు ఎనిమిది వారాలని అప్పుడు అనుకున్నారు. ఏడాదిన్నర తిరగకముందే ‘సలార్’ 2023 డిసెంబరు 22న విడుదలై జనవరి 20న నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చేసింది. ‘పుష్ప 2’ నిర్మాతలు మాత్రం 56 రోజుల దాకా ఏ ఓటీటీలోనూ రాదని ముందే చాటారు, మాట నిలబెట్టుకున్నారు. హాల్లో జనం తగ్గనంత కాలం నిర్మాత గడువు గురించి గట్టిగా మాట్లాడతాడు. తగ్గితే ఓటీటీ వాడి తేదీయే చెల్లుతుంది.

ఇదంతా పక్కనపెట్టి ఐబొమ్మ అనే పైరసీ సైటులో చూసినవాళ్ళకు ఏ చందా గొడవా లేకపోయింది. ఆ సైటు నిర్వహిస్తున్నాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు సామాజిక మాధ్యమాల్లో అతని వైపు మాట్లాడినవాళ్ళు తక్కువేమీ లేరు. దొంగసొత్తు దొంగసొత్తే, అందులో మరో మాట లేదు. అయితే జనం అటు పోవడానికి ఉచితం ఒక్కటే కారణమనుకుంటే సగమే చూసినట్టు. ఏ కంపెనీ కొన్నదన్న విచారణ లేకుండా తెలుగు సినిమాలన్నీ అక్కడ ఒకే చోట దొరికేవి. చట్టం ప్రకారం నడిచే ఏ సేవా ఆ పని చేయలేకపోయింది. ధర కట్టడానికి సిద్ధంగా ఉన్నవాడికి కూడా ఆ సౌకర్యం కొనుక్కునే దారి లేదు.

ప్రభుత్వాలు వేరే దారి వేయాలని చూశాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఊరి కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగా నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోన్ ఇస్తామంటూ మొదలైన పథకం. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. ఆ బాక్సులోనే 2023 జూన్ 2న ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ పెట్టారు. హాల్లో విడుదలైన రోజే ఇంట్లో, 99 రూపాయలు కడితే 24 గంటలు, ఇంటిల్లిపాదికీ. మొదటి సినిమా ‘నిరీక్షణ’. చందా ఊసే లేదు. ఏది కావాలో దానికే డబ్బు. మెట్ట పల్లెకు ఇంతకంటే తగిన పద్ధతి ఉంటుందని నేననుకోను. అయినా అది మార్కెట్‌ను కదిలించలేదు. పేరున్న హీరోల సినిమాలు దానికి రాలేదు. ఓటీటీ ముందే కొన్న సినిమాను నిర్మాత మొదటిరోజు ఇంకొకడికి ఎందుకిస్తాడు? కేరళ ప్రభుత్వం 2024 మార్చి 7న తెచ్చిన ఓటీటీ సీస్పేస్ కూడా సినిమాకు 75 రూపాయల లెక్కనే పెట్టింది. అక్కడ మంచి చిన్న సినిమాలు చేరాయి, పెద్దవాళ్ళు రాలేదు. ఒక్కొక్క సినిమాకు అదనంగా కట్టించాలని పెద్ద సేవ చూసినా జనం ఒప్పుకోలేదు. జీ5 ‘ఆర్ఆర్ఆర్’ను మొదట అద్దెకు అన్నది, చందాదారులు గగ్గోలు పెట్టడంతో 2022 మే 20కి ముందే వెనక్కి తగ్గింది. చందా కట్టినవాడి దగ్గర మళ్ళీ అడిగితే కోపం వస్తుంది. చందా కట్టనివాడిని అడిగిన ఫైబర్‌నెట్‌కు సరుకు దొరకలేదు.

అసలు కొరత నిబంధనల్లో ఉంది. 2021 ఐటీ నియమాలు ఓటీటీల్లో ఏం చూపవచ్చో, వయసు గుర్తులు ఎలా పెట్టాలో, ఫిర్యాదు ఎవరు వినాలో చెబుతాయి. ధర గురించి, ఒకరికే గుత్తగా ఇవ్వడం గురించి మాట్లాడవు. కేబుల్‌కు 2004 నుంచి ఉన్న ‘అడిగినవారికి ఇవ్వాలి’ అన్న నియమం ఓటీటీకి లేదు. అలాంటిది పెడితే నిర్మాతకొచ్చే డబ్బు తగ్గుతుందని, గుత్త కోసమే కదా కంపెనీలు కోట్లు పోసేదని అంటారు. ఇందులో నిజముంది, మొదటి కొన్నాళ్ళ గుత్తకు ధర ఉంటుంది, దాన్ని పూర్తిగా ఎత్తేయమనక్కర్లేదు. గుత్తకు కాలపరిమితి పెట్టి, ఆ తర్వాత అడిగిన ప్రతి సేవకూ న్యాయమైన ధరకు ఇవ్వాలంటే నిర్మాతకు రెండో రాబడి వస్తుందే తప్ప మొదటిది మొత్తం పోదు. భాషలవారీగా ‘ఆర్ఆర్ఆర్’ను, ‘కల్కి’ని విడగొట్టి అమ్మినవాళ్ళు నష్టపోయామని అనలేదు. ఒకే భాషలో కూడా ఇద్దరికి అమ్మడం జరిగింది. సిద్ధు జొన్నలగడ్డ ‘కృష్ణ అండ్ హిజ్ లీల’ 2020లో నెట్‌ఫ్లిక్స్‌లోనూ ఆహాలోనూ తెలుగులోనే నడిచింది. 365 రూపాయల చందా ఉన్నవాడూ చూశాడు, నెలకు 199 కట్టేవాడూ చూశాడు. పెద్ద హీరో సినిమాకు ఆ పద్ధతిని వర్తింపజేయమని చెప్పే నియమం ఏదీ ఇంకా లేదు.